తీపిమాట తెలుగున, అసలుమాట ఆంగ్లమున

మన అంగళ్లలోని పొట్లమునో సీసానో ఒకదానిని చేతఁబట్టి, ముందువైపును వెనుకవైపును ఒకమాఱు చూడవలసినదని పాఠకులను కోరుచున్నాను. ముందువైపున తెలుగు కనఁబడును. పెద్ద యక్షరములు, వంపుసొంపులు, రంగులు. ఒక యమ్మమ్మ పేరో, ఒక పల్లెటూరి పేరో, అరఁటియాకు బొమ్మయో యుండును. చూచినంతనే మనకు పుట్టినింటి వంటిల్లు జ్ఞప్తికి వచ్చును. వెనుకకుఁ ద్రిప్పితిమా, తెలుగు మాయము. ఆ పచ్చడిలో నేమేమి కలిపిరి, తూకమెంత, ఏనాఁడు కట్టిరి, ఎన్నాళ్లలోపలఁ దినవలెను, ధర యెంత, చెడిపోయినచో నెవరి నడుగవలెను అను సంగతులన్నియు చీమతలలవంటి యాంగ్లాక్షరములలో నిఱికింపఁబడి యుండును. కొనుమని పిలుచునప్పుడు మన భాష వారికిఁ గావలెను. మనమేమి కొంటిమో చెప్పవలసివచ్చునప్పుడు ఆ భాష యక్కఱలేదు. ఈ యన్యాయమును గూర్చి కొన్ని మాటలు వ్రాయఁదలఁచితిని.

గచ్చిబౌలి నుదాహరణముగాఁ దీసికొందము. గచ్చుతోఁ గట్టిన బావి యను నర్థము పేరులోనే స్ఫురించు ఆ యూర 1974లో కేంద్ర విశ్వవిద్యాలయము వెలసినది. 1998లో ట్రిపుల్ ఐటీ వచ్చినది. ఆ ప్రాంగణముననే 2015లో నూతన వ్యాపారములను ప్రోత్సహించు టీ-హబ్ తెఱవఁబడి, 2022లో రాయదుర్గమునందలి క్రొత్త భవనమునకుఁ దరలినది. బండలును చేలును ఉన్నచోట నేఁడు ముప్పదియంతస్తుల మేడలు లేచినవి. ఆ మేడలలోని వంటయిండ్లలో ఒక కుటీరపరిశ్రమ పుట్టినది. కంప్యూటరు కొలువు చేయుచునో, మానియో, ఆవకాయ, గోంగూర, కందిపొడి, కొఱ్ఱల మురుకులు, గానుగనూనె, సున్నిపిండి మొదలగువానిని సీసాలకెత్తి యమ్ముకొను స్త్రీలు పలువురు బయలుదేఱిరి. ఇది మిక్కిలి సంతోషింపఁదగిన విషయము. పరదేశపు పెద్ద కంపెనీల సరకు ఇంటింట నిండుచున్న ఈ కాలమున, ఇంటి వంట ఇంటివారికే జీవనాధారమగుట సామాన్యమైన సంగతి కాదు. వారి తప్పులెన్నుట నా యుద్దేశము కాదని ముందే మనవి చేయుచున్నాను.

వీరిలోఁ గొందఱు లైసెన్సుల కొఱకును, లేబులుపై ఉండవలసిన మాటల కొఱకును మాబోఁటి వకీళ్లవద్దకు వచ్చుచుందురు. ఒక సోదరి తన గోంగూర పచ్చడి లేబులు నమూనాను తెచ్చి చూపినది. పేరు తెలుగున ముచ్చటగా నున్నది; తక్కినదంతయు ఆంగ్లము. "అమ్మా, వెనుకవైపున తెలుగేల లేదు?" అని యడిగితిని. "చట్టము తెలుగు అడుగలేదు గదండీ వకీలుగారూ! పైఁగా బొమ్మ వేసిన అబ్బాయి చోటు చాలదన్నాడు" అని యామె బదులు చెప్పినది. చట్టమును గూర్చి ఆమె చెప్పినది అక్షరాల సత్యము.

2009వ సంవత్సరపు తూనికలు కొలతల చట్టము క్రింద 2011లో పొట్లపు వస్తువుల నిబంధనలు వెలువడినవి. తయారుచేసినవాని పేరు, చిరునామా, వస్తువు పేరు, నికరపు తూకము, తయారైన నెల, సంవత్సరము, పన్నులన్నియుఁ గలుపుకొని హెచ్చు ధర, ఫిర్యాదు చేయవలసిన చోటు – వీనినెల్ల పొట్లముపై ముద్రింపవలెను. ఇంతవఱకు మెచ్చుకొనవలసినదే. కాని అందలి 9వ నిబంధన ఈ ప్రకటనలు నాగరి లిపిలో హిందీయందుఁగాని, లేక ఆంగ్లమునందుఁగాని ఉండవలెనని చెప్పి, వేఱొక భాషను అదనముగా వాడుకొనుటకు అభ్యంతరము లేదని ఒక మినహాయింపు తగిలించినది. ఆహారపు లేబులులను గూర్చి 2020లో చేయఁబడిన నిబంధనలదియు ఇదే త్రోవ. 2011 జనాభా లెక్కలలో 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాషగాఁ జెప్పుకొన్న తెలుగునకు తన యింటి పచ్చడిసీసాపై దక్కిన స్థానము "అభ్యంతరము లేదు" అనునంతే. కోర్టుపక్షులు ఎఱుఁగుదురు, అభ్యంతరము లేకుండుట వేఱు, హక్కు వేఱు.

మఱియొక వింత చూడుఁడు. ఉమ్మడి రాష్ట్రమున 1990లో చేసిన దుకాణముల నిబంధనలు, దుకాణపు పేరుపలక తెలుగున నుండవలెననియు, ఇతరభాష వ్రాసినచో అది తెలుగునకు క్రిందుగా నుండవలెననియు శాసించినవి. గడపపైన తెలుగు తప్పనిసరి. గడప దాఁటి లోపలఁ గొన్న సరకుపై తెలుగు ఐచ్ఛికము. పేరుపలకను ఎవరును తినరు. పలకపై భాష తప్పినందువలన ఎవరికిని కడుపునొప్పి రాదు. అభిమానము చూపుటకు పలకమీఁద దృష్టి పెట్టితిమి గాని, ప్రాణముతోఁ బనియున్న పొట్లమును మఱచితిమి. భాషోద్యమములో పనిచేయు మాకును ఈ మాట తగులును.

ఈ పద్ధతి నేఁటిది కాదు. స్వదేశోద్యమమునకు ముందును, ఆ కాలమునను మాంచెస్టరు మిల్లుల గుడ్డలపై అంటించి పంపిన రంగుచీటీలు ఇప్పుడు పాతవస్తువులు సేకరించువారి యొద్దఁ గనఁబడుచున్నవి. లక్ష్మి, కృష్ణుఁడు, హనుమంతుఁడు, ఒకరేమి, మన దేవతలందఱును ఆ చీటీలపై కొలువుతీఱిరి. చదువురాని రైతు బొమ్మను గుర్తుపెట్టుకొని "ఆ బొమ్మ గుడ్డ యిమ్ము" అని యడిగెడివాఁడు. గుడ్డ పొడవు సంగతి? 1889 నాఁటి సరకుల గుర్తుల చట్టము మిల్లుగుడ్డపై పొడవును గజములలో, ఆంగ్లపుటంకెలలో ముద్రింపవలెనని విధించినది. చట్టోద్దేశము మంచిదే, పొడవు తక్కువ గుడ్డను ఎక్కువని అమ్మకుండఁ జేయుట. కాని బొమ్మ కొనువానికిఁ దెలిసినది, అంకె దొరలకుఁ దెలిసినది. నేఁటి అమ్మమ్మ బొమ్మ నాఁటి లక్ష్మీదేవి బొమ్మకు మనుమరాలే.

లేబులనఁగా నింత రాద్ధాంతమేల యని పత్రికలవారు నవ్వరాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. ఆ వ్యాపారపు రాఁబడితో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపురిలో దినపత్రికగా నడపిరి. తెలుగు పత్రికను ఒక తలనొప్పిమందు సీసా పోషించినది. హైదరాబాదున 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ మందును హబ్షీ యోధుని బొమ్మచీటీతో జనులు నేఁటికిని గుర్తించుచున్నారు. సీసామీఁది చీటీకిఁ గల బలమును మన పూర్వులు బాగుగా నెఱిఁగియుండిరి.

ఇఁక గచ్చిబౌలిలో తెలుగు చదువువారెవరని యడుగువారు కలరు. అక్కడివారు పలు రాష్ట్రములనుండి వచ్చిన విద్యాధికులు, తెలుగువారును ఆంగ్లమే చదువుదురు, కావున తెలుగు వ్యర్థమని వారి వాదము. సొమ్ము చెల్లించువాఁడే వినియోగదారుఁడని తలఁచుటలో ఈ పొరపాటు పుట్టినది. ఫోనులో సొమ్ము చెల్లించిన దంపతులు ఉదయముననే కార్యాలయమునకుఁ బోవుదురు. పొట్లమును విప్పునది వంటమనిషి. బిడ్డకుఁ దినిపించునది ఊరినుండి వచ్చిన నాయనమ్మ. ఆ వంటమనిషి మహబూబునగరమునుండియో శ్రీకాకుళమునుండియో వచ్చి, అయిదాఱు తరగతులు తెలుగున చదివినది. నాయనమ్మ భారతము, భాగవతము చదువఁగలదు గాని ఆంగ్లమున నొక యక్షర మెఱుఁగదు. ఆ యింటి పిల్లవానికి వేరుసెనగ పడదనుకొనుఁడు. పొట్లముపై ఆ సంగతి యున్నది. చదువఁగలవారు ఇంట లేరు.

ఇంగువ సంగతి చెప్పెదను. అంగడిలో దొరకు ఇంగువ సాధారణముగా శుద్ధమైనది కాదు. జిగురును పిండియుఁ గలిపి తయారుచేసినది. ఆ పిండి తఱచుగా గోధుమపిండియో మైదాయో. గోధుమ పడనివాఁడు పులిహోర తిని బాధపడునప్పుడు ఇంటివారు చింతపండును నిందింతురు, నూనెను నిందింతురు, దిష్టి తగిలినదని ఉప్పు త్రిప్పివేయుదురు. డబ్బా వెనుక గోధుమ యని వ్రాసియే యున్నది, ఆంగ్లమున. చట్టము తన పని తీఱినదని ఊరకుండును. మేడలలోనే ఇట్లున్నచో అచ్చంపేటలోను ఆసిఫాబాదులోను చిన్న అంగళ్లలో ఆ పొట్లములనే కొనువారి మాట యేమి? 2011లో తెలంగాణమున నూటికి సుమారు 66 మందియే అక్షరాస్యులు. వారిలో ఒక మిల్లీమీటరెత్తు ఆంగ్లమును చదివి గ్రహింపఁగలవా రెందఱో పాఠకులే ఊహించుకొనవచ్చును.

ప్రజల భాషలో వ్రాయించుట చట్టమునకుఁ జేతకాదా యన్నచో, చేతనగును. 1971 నాఁటి క్రిమిసంహారకముల నిబంధనలు పురుగుమందు డబ్బాపై లేబులును అది యమ్ముడగు ప్రాంతపు భాష యొకటి రెండింటను ముద్రింపవలెనని చెప్పుచున్నవి. చేనికిఁ జల్లు విషమునకు తెలుగు కావలెను, బిడ్డకుఁ బెట్టు తిండికి తెలుగు అక్కఱలేదు. 2003 నాఁటి పొగాకు చట్టము ఇంకను చక్కని సూత్రమును పట్టినది. పెట్టెపై ఏ భాష వాడితివో, హెచ్చరికయు ఆ భాషయందే యుండవలెనని దాని 9వ విభాగము.

అమెరికా దేశమునను ఇదే న్యాయము కలదు. అక్కడి ఆహారపు లేబులుపై పరభాషలో ఏదేని ప్రకటన చేసినచో, చట్టము కోరు సంగతులన్నిటిని ఆంగ్లముతోఁబాటు ఆ భాషలోఁగూడ ముద్రింపవలెనని వారి సమాఖ్య నిబంధన. ఐరోపా సమాఖ్యవారు 2011లో చేసిన 1169వ సంఖ్య గల శాసనమున, సరకు అమ్ముడగు దేశపు జనులకు సులభముగాఁ దెలియు భాషలో ఆహారపు వివరములుండవలెనని విధించిరి. గచ్చిబౌలిలో ఒక్కొక్క అంతస్తునను కొడుకో కూఁతురో అమెరికాలో నున్న కుటుంబములు కలవు. అక్కడినుండి పచ్చళ్లు పెట్టెలకెత్తి పోవుచునే యున్నవి. "అచ్చమైన గానుగ నూనెతోఁ జేసినది" అని తెలుగున ముద్రించి ఆ సీసాను న్యూజెర్సీ అంగడిలో నమ్మఁబోయినచో, అచ్చటి ప్రభుత్వము తక్కిన వివరములను గూడ తెలుగునఁ జూపుమనును. అదే సీసా మియాపూరునకుఁ బోయినచో మన ప్రభుత్వము ఏమియు ననదు. తెలుగువాని హక్కు తెలుగునాఁటికన్న పరదేశమున నెక్కువగా నుండుట విని సంతోషింపవలెనో సిగ్గుపడవలెనో తెలియదు.

ఖర్చు మాట యెత్తెదరు. లేబులు ముద్రణ యెట్లు జరుగునో తెలిసినవారు ఈ మాట గట్టిగాఁ జెప్పలేరు. వేలకొలఁది లేబులులు కావలసినవారు ఫ్లెక్సో యంత్రముపై ముద్రింతురు. రంగునకొక అచ్చుపలక చేయింపవలెను. వివరములు సాధారణముగా నల్లరంగు పలకలోనే యుండును. భాష మార్చినచో మార్చవలసినది ఆ యొక్క పలకయే. బొమ్మల పలకలు అట్లే యుండును. ఇన్నూఱు మున్నూఱు లేబులులు చాలునను చిన్నవ్యాపారికి డిజిటలు యంత్రమున పలకయే లేదు. కంప్యూటరులో మాట మార్చి మఱునాఁడు వేఱు భాషలో ముద్రించుకొనవచ్చును. నూనె తగిలి అక్షరము చెరఁగకుండ పైన సన్నని పొర వేయించుటకు వెచ్చించునంతయైనను తెలుగునకు ఖర్చు కాదు. పెండ్లిపత్రికలకుఁ బేరువడ్డ ఛత్తా బజారులో ఒకే పత్రికను రెండు మూఁడు లిపులలో ముద్రించి యిచ్చుట చిరకాలముగా నున్నదే.

చోటు చాలదనుట మఱియొక సాకు. సీసాను చుట్టివచ్చు లేబులులో సగము చోటు ఆకులకును ముగ్గులకును, "సంప్రదాయము" అను మాటకును పోవుచున్నది. లేబులు గీయఁబూనునప్పుడు బొమ్మ ముందు వేసి, మిగిలిన మూలలో చట్టపు మాటలు క్రుక్కుట మన చిత్రకారుల యలవాటు. వరుస తిరుగవలెను. చెప్పవలసిన మాటలను ముందు రెండు భాషలలో వ్రాసికొని, వానికి వలసిన చోటు కొలిచి, పిదప బొమ్మకుఁ జోటు చూడవలెను.

అయితే ఒక చిక్కు నిజముగాఁ గలదు, దానిని దాఁచను. పొట్లపు నిబంధనలలో అక్షరపు టెత్తు ఒక మిల్లీమీటరునకుఁ దగ్గరాదని యున్నది. ఆంగ్లమునకు అది ఎట్లో చాలును. తెలుగక్షరమునకు పైన గుడి, క్రింద కొమ్ము కాదు వత్తు, వత్తు క్రింద మఱియొక వత్తు. ఆ కొలతకే తెలుగును కుదించినచో నల్లని మరక మిగులును. కావున తెలుగునకు వేఱు కొలత కావలెను. వరుసల నడుమ ఎడమును గూర్చికూడ నియమముండవలెను. ఇంకొకటి. ఆంగ్లము కొఱకుఁ జేసిన చిత్రలేఖన సాధనములలో తెలుగును అంటించునప్పుడు వత్తులు ఊడి ప్రక్కకుఁ బడుచున్నవి. "పచ్చడి" యనునది "పచ్‌చడి" యై అచ్చగుచున్నది. చూచువాఁడు లేడు. సురవరము, గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి అను పేర్లతో తెలుగు ఫాంటులు ఎల్లరకు ఉచితముగా దొరకుచుండఁగా, ట్రిపుల్ ఐటీలో తెలుగును యంత్రమునకు నేర్పు పరిశోధన జరుగుచుండఁగా, దానికి కూఁతవేటు దూరమున పచ్చడికి వత్తు నిలువకపోవుట చిత్రము.

మాటల విషయమునను జాగ్రత్త వలయును. తెలుగు చేయుమన్నంతనే మన అనువాదకులు "నికర పరిమాణము", "గరిష్ఠ చిల్లర విక్రయ ధర", "ఉత్తమ వినియోగావధి" యని వ్రాసి పాఱవేయుదురు. ఆ తెలుగునకన్న ఆంగ్లమే మేలని వంటమనిషి తలఁచినచో ఆమె తప్పు కాదు. తూకము అనుఁడు. ఇంతకు మించి ధర యియ్యవలదు అనుఁడు. ఆంగ్లమున రెండు తేదీలకు రెండు మాటలున్నవి. ఒకటి రుచి, గుణము తగ్గకుండు గడువు; రెండవది దాఁటినచో వాడరాని గడువు. ఈ భేదము ఆంగ్లము చదివినవారికే తికమక. "ఈ తేదీవఱకు రుచి చెడదు", "ఈ తేదీ దాఁటినచోఁ దినరాదు" అని తెలుగున వ్రాసినచో ఆంగ్లము చదివినవారికిఁగూడ ఉపకారమగును. ఈ వ్యాసము గ్రాంథికమున వ్రాయుచున్న నేను లేబులు వాడుకమాటలలో నుండవలెననుట చూచి నవ్వువారు నవ్వుదురుగాక.

ఈ విషయమును ఇప్పుడే యెత్తుటకుఁ గారణము కలదు. ఉప్పు, చక్కెర, కొవ్వు హెచ్చుగాఁ గల తిండిపొట్లముల ముందువైపున హెచ్చరిక యుండవలెనను వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2025 ఏప్రిలులో, నిపుణుల సంఘము త్వరగా సిఫారసు చేయవలెనని ఉత్తరువిచ్చినది. ముందువైపునకు హెచ్చరిక వచ్చుట శుభము. అదియు ఆంగ్లముననో హిందీయందో మాత్రమే వచ్చినచో, తెలుగునాఁట ఆ హెచ్చరిక మఱియొక యలంకారముగా మిగులును. భాషను గూర్చిన మాట నిబంధన తయారగునప్పుడే చెప్పవలెను. అచ్చైన పిదప మొఱపెట్టినచో కంపెనీలు పాత నిలువలు చూపి గడువుమీఁద గడువు కోరుదురు.

నేను కోరు సవరణ చిన్నది. ప్రతి పొట్లముపై దేశభాషలన్నియు నుండవలెనని నే ననుటలేదు, అది కుదురదు. 9వ నిబంధనలోని మినహాయింపు క్రింద ఒక్క వాక్యము చేర్పవలెను. "పొట్లముపై వస్తువును గూర్చిన పేరో వర్ణనయో హిందీ, ఆంగ్లములు గాక వేఱొక భారతీయ భాషలో ముద్రింపఁబడినచో, ఈ నిబంధనలు కోరు ప్రకటనలన్నియు ఆ భాషయందును చదువనగు పరిమాణమున ముద్రింపఁబడవలెను." ఇంతియే. తెలుగు వద్దనుకొన్న వర్తకుని బలవంతము చేయుటలేదు. తెలుగుతో లాభము పొందఁగోరువాఁడు ఆ లాభమునకు వెల యిచ్చుకొనవలెను. ఆహారపు లేబులుల నిబంధనలకును ఇదే వాక్యము చాలును. తూనికలు కొలతలు, వాని ప్రమాణముల నిర్ణయము తప్ప, రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలో నున్నవి. కేంద్రము కదలనిచో శాసనసభలు బిల్లు చేసి 254వ అధికరణము క్రింద రాష్ట్రపతి సమ్మతి కోరవచ్చును. అందాఁక రెండు తెలుగు ప్రభుత్వములును తమ సహకార పాలకేంద్రముల సంచులపైనను, స్త్రీల పొదుపు సంఘముల సరకులపైనను తెలుగు వివరములు ముద్రింపించుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు.

గచ్చిబౌలి సోదరీమణులు దీని కొఱకు వేచియుండనక్కఱలేదు. ఉన్న లేబులుల కట్ట యైపోవువఱకు వాడుకొనుఁడు. క్రొత్తవానికి ఆర్డరు ఇచ్చునప్పుడు కలిపిన వస్తువులు, తూకము, రెండు తేదీలు, ధర, ఫిర్యాదు ఫోను సంఖ్య తెలుగున చేర్పించి, నమూనాకాగితము ఒకటి తీయించి, దానిని మీ యింటి వంటమనిషి చేతఁగాని వాచ్‌మను చేతఁగాని చదివింపుఁడు. వారు తడఁబడిన మాటను మార్చి, మఱల చదివించి, అప్పుడు అచ్చునకుఁ బంపుఁడు.